మంచు దేశంలో అంజీర కొమ్మ: వేరు పట్టడం ఒకెత్తు, కాయ పండడం ఇంకొకెత్తు

అమెరికా వ్యవసాయ శాఖ 2023 నవంబరులో మొక్కల చలి మండలాల పటాన్ని, అంటే ఏ ఊళ్లో చలి ఎంత గట్టిదో అంకెలతో చూపే పటాన్ని, కొత్తగా విడుదల చేసింది. 2012 నాటి పటంతో పోలిస్తే దేశంలో దాదాపు సగం ప్రాంతం అర మండలం మేర వెచ్చని వైపు జరిగింది. నిన్నటిదాకా అంజీరకు పనికిరాదని వదిలేసిన ఊళ్లు కొన్ని ఇప్పుడు పటంలో హద్దు మీదకొచ్చాయి. న్యూజెర్సీ, ఒహాయో, ఇల్లినాయ్ లాంటి చోట్ల పెరటి తోట పెంచేవారికి సహజంగానే ఆశ పుడుతుంది.

వాళ్లకు దొరికే సలహాలు మాత్రం ఒకదానికొకటి పొసగవు. అంజీరంత తేలిగ్గా కొమ్మతో వచ్చే పండ్ల మొక్క ఇంకోటి లేదని ఒకరంటారు. మూడేళ్లు పెంచిన చెట్టు ఒక్క చలికాలంలో నేలమట్టమైందని మరొకరంటారు. చెట్టు ఏటా ఏపుగా పెరుగుతోంది, కాయలూ నిండుగా ఉన్నాయి, తిన్నది మాత్రం ఒక్కటీ లేదని మూడో మాట. ముగ్గురూ చెప్పేది నిజమే. కాకపోతే ముగ్గురూ మూడు వేర్వేరు సమస్యల గురించి మాట్లాడుతున్నారు.

క్లుప్తంగా: అంజీర కొమ్మకు వేరు పట్టించడం సులువే. ఎక్కువ నీళ్లు, వేరు కంటే ముందొచ్చే ఆకులే అక్కడ ముప్పు. చలి చెట్టు పైభాగాన్ని చంపినా నేలలో వేరు బతికితే మళ్లీ అదే రకం మొలుస్తుంది. కొమ్మతో పెంచిన చెట్టుకు ఉన్న అసలు లాభం ఇదే. కానీ నేల నుంచి కొత్తగా మొలిచిన చెట్టుకు పండు పండించే సమయం సరిపోదు. అందుకే చలి దేశాల్లో రకం ఎంపిక, పాత కొమ్మను కాపాడుకోవడం, ఎండాకాలం పొడవు అనే మూడింటి మీదే కాపు ఆధారపడుతుంది.

గింజతో ఎందుకు కుదరదు

అంజీర మన మర్రి, రావి, మేడి చెట్ల జాతిలోదే. దాని పూలు బయటికి కనిపించవు. మనం కాయ అనుకునేది లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. కాయ అడుగున ఉండే చిన్న కన్నులోంచి ఒక బుల్లి కందిరీగ లోపలికి దూరి పరాగసంపర్కం చేస్తుంది. మేడిపండు పొట్ట విప్పితే పురుగులు కనిపించేది కూడా ఇలాంటి ఏర్పాటు వల్లే.

అంజీరలో చెట్లు రెండు రకాలు. ఒకటి కందిరీగ కాపురముండే మగ చెట్టు. దీన్ని కాప్రిఫిగ్ అంటారు, కాయలు సాధారణంగా తినడానికి పనికిరావు. రెండోది మనం తినే పండ్లు కాసే ఆడ చెట్టు. గింజలు మొలకెత్తిస్తే సుమారు సగం మొక్కలు మగవే అవుతాయి. మిగతా సగంలోనూ తల్లి చెట్టు రుచి, రంగు, చలిని ఓర్చే గుణం వస్తాయన్న హామీ లేదు. అది తేలేసరికి నాలుగైదేళ్లు గడిచిపోతాయి.

ఆడ చెట్లలోనూ తేడాలున్నాయి. స్మిర్నా రకాలకు పరాగసంపర్కం జరగకపోతే పిందెలన్నీ రాలిపోతాయి. 19వ శతాబ్దం చివర్లో కాలిఫోర్నియా రైతులు టర్కీ నుంచి ఈ రకం కొమ్మలు తెప్పించి తోటలు వేశారు. చెట్లు పెరిగాయి, పిందె నిలవలేదు. 1899లో ఫ్రెస్నో దగ్గర కందిరీగను కూడా తెచ్చి నిలబెట్టాకే కాపు చేతికొచ్చింది. నీళ్లు గడ్డకట్టే చలికాలాలున్న ఉత్తరాది రాష్ట్రాల్లో ఆ కందిరీగ బతకదు. కాబట్టి అక్కడ పనికొచ్చేవి పరాగసంపర్కంతో పని లేకుండా కాసే 'కామన్' రకాలే. స్మిర్నా కొమ్మను ఎంత ముద్దుగా పెంచినా చికాగోలో పండు తినలేరు. కొమ్మలు కొనేవారిలో చాలామంది రుచి వర్ణన చదువుతారు కానీ ఈ ఒక్క వివరం అడగరు.

పరాగసంపర్కం లేకుండా కాసే చెట్టును అదే గుణంతో నిలబెట్టుకోవాలంటే కొమ్మ నాటడమే దారి. ఇది చాలా పాత విద్య. జోర్డాన్ లోయలోని గిల్గాల్ అనే చోట దొరికిన, 11,000 ఏళ్లకు పైబడిన బొగ్గయిన అంజీర కాయలను పరిశీలించిన శాస్త్రవేత్తలు అవి పరాగసంపర్కం లేకుండా ఏర్పడినవని, మనుషులు కొమ్మలు నాటి పెంచి ఉంటారని 2006లో ప్రకటించారు. ఈ నిర్ధారణను అందరూ ఒప్పుకోలేదు. అడవి చెట్లలోనూ అలాంటి కాయలు రావచ్చని అభ్యంతరాలు వచ్చాయి. ఆ వాదన ఎటు తేలినా, కొమ్మ విరిచి గుచ్చితే బతికే గుణం ఈ చెట్టును మనుషులకు బాగా దగ్గర చేసిందన్నది మాత్రం స్పష్టం.

కొమ్మ లోపల ఏం జరుగుతుంది

ఆపిల్, పియర్ కొమ్మలను మట్టిలో గుచ్చితే చాలావరకు ఎండిపోతాయి. అందుకే వాటికి అంటు కడతారు. అంజీర కొమ్మలో కణుపుల దగ్గర, బెరడు కింద, వేరు మొలకలు ముందే ఏర్పడి నిద్రలో ఉంటాయి. తడి, వెచ్చదనం, చీకటి దొరికితే అవి బయటికి వస్తాయి. వేరు పుట్టించే హార్మోన్ పొడి రాస్తే కొంత వేగం రావచ్చు కానీ అది లేకపోయినా పని ఆగదు.

ఆకులు రాలిన తర్వాత, గట్టి మంచు పడకముందు, పెన్సిలంత లావున్న ఏడాది వయసు కొమ్మలు ఇందుకు మేలు. 15 నుంచి 20 సెంటీమీటర్ల పొడవు, మూడు నాలుగు కణుపులు, కింది కోత కణుపుకు సరిగ్గా దిగువన ఉంటే చాలు. కోసినప్పుడు కారే తెల్లటి పాలు చర్మానికి తగిలి, ఆ చోట ఎండ కూడా పడితే కాలినట్టు బొబ్బలు లేస్తాయి. ఆ రసంలోని సోరాలెన్ లాంటి పదార్థాలు చర్మాన్ని ఎండకు ఓర్వలేకుండా చేస్తాయి. చేతికి గ్లవ్స్ వేసుకోమనేది అందుకే.

నవంబరులో కోసిన కొమ్మను వెంటనే నాటాల్సిన పని లేదు. కడిగి, ఆరబెట్టి, కాస్త చెమ్మగా ఉన్న కాగితంలో చుట్టి, జిప్ కవర్‌లో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు మూడు నెలలు నిలవుంటుంది. చలి దేశాల్లో ఈ నిల్వ చాలా కీలకం. డిసెంబరులోనే వేరు పట్టిస్తే మొక్క మే నెల దాకా కిటికీ దగ్గరి మసక వెలుతురులో సాగిపోయి బలహీనపడుతుంది. ఫిబ్రవరిలో మొదలుపెడితే వేరు పట్టి, నాలుగు ఆకులు వేసేసరికి బయట ఎండలు వస్తాయి.

కొత్తవాళ్లకు ఎక్కువ కొమ్మలు పోయేది ఇక్కడే. కొమ్మను వెచ్చటి గదిలో పెట్టగానే పైనున్న మొగ్గ విచ్చుకుంటుంది, ఒకటి రెండు ఆకులు వస్తాయి. పెంచేవారు వేరు పట్టిందని సంబరపడతారు. నిజానికి కింద ఒక్క వేరూ ఉండకపోవచ్చు. జీతం రాకుండా దాచుకున్న డబ్బుతో ఇల్లు నడిపే స్థితి అది. కొమ్మలో నిల్వ ఉన్న పిండి పదార్థం ఆకులకు ఖర్చవుతుంది, ఆకులు గాలిలోకి నీటిని వదులుతాయి, ఆ నీటిని తిరిగి లాగడానికి వేరు ఉండదు. రెండు వారాల్లో ఆకులు వాలిపోతాయి. వాడిపోతున్నాయి కదా అని మరిన్ని నీళ్లు పోస్తే కింది కోత కుళ్లుతుంది.

దీనికి విరుగుడు ఉష్ణోగ్రతను పైనా కిందా వేరుగా చూసుకోవడం. కుండీ అడుగున 24 డిగ్రీల దాకా వేడి ఉండి, పైన గది అంతకంటే చల్లగా ఉంటే వేరు ముందు లేస్తుంది, మొగ్గ ఆలస్యంగా విచ్చుకుంటుంది. మొలకల కింద పరిచే హీట్ మ్యాట్‌లు చేసే పని అదే. కొందరు కొమ్మలను కొబ్బరి పొట్టు నింపిన కవర్‌లోనో, పెర్‌లైట్ అనే తేలికపాటి తెల్లటి గుళికల్లోనో పెట్టి, తెల్లటి వేళ్లు కనిపించాకే కుండీలోకి మారుస్తారు. కొబ్బరి పొట్టు ఎంత తడిగా ఉండాలంటే, గుప్పెట్లో గట్టిగా పిండితే చుక్క రాలీ రాలనట్టుండాలి. ధారగా కారితే ఎక్కువైనట్టే.

కవర్‌లో పెట్టిన పది పన్నెండు రోజులకు బెరడు మీద తెల్లటి చిన్న చిన్న బుడిపెలు వస్తాయి. వీటిని చూసి కొందరు బూజు అనుకుని తుడిచేస్తారు, ఇంకొందరు వేళ్లనుకుని మట్టిలో నాటేస్తారు. అవి రెండూ కావు. కొమ్మ గాలి పీల్చుకునే రంధ్రాలు తడికి ఉబ్బి అలా కనిపిస్తాయి. వేరైతే ఒక వైపుకు మొనదేలి రోజురోజుకూ పొడవు పెరుగుతుంది. బూజు దూదిలా పరుచుకుంటుంది, వేలితో తుడిస్తే పోతుంది. బూజు కొద్దిగా ఉంటే తుడిచి, కవర్ తెరిచి గాలి తగలనిస్తే సరిపోతుంది. కొమ్మ మెత్తబడి, వాసన వస్తుంటే మాత్రం పడేయాలి.

చలి ఎక్కడ దెబ్బ కొడుతుంది

అంజీర చలికి అసలు ఓర్వలేని చెట్టు కాదు. ఆకులు రాల్చి పూర్తిగా నిద్రలోకి వెళ్లిన ముదురు కొమ్మ సుమారు మైనస్ 9 నుంచి మైనస్ 12 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. ఒకటి రెండేళ్ల మొక్క, లేత కొమ్మ అంతకంటే చాలా ముందే పోతాయి. చలి పెరిగేకొద్దీ చెట్టు కణజాలంలో నీరు తగ్గి, చక్కెరలు పెరిగి, గడ్డకట్టే స్థానం దిగుతుంది. ఇది ఒక్క రాత్రిలో జరిగే పని కాదు, వారాలు పడుతుంది. ఆగస్టులో నత్రజని ఎరువు దండిగా వేస్తే అక్టోబరులోనూ లేత చిగుళ్లు వస్తూనే ఉంటాయి. అలాంటి చెట్టు చలికి సిద్ధం కాకుండానే చలికాలంలోకి అడుగుపెడుతుంది. ఏపుగా పెరిగిన చెట్టే ముందు చచ్చిపోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

రెండో దెబ్బ వసంతంలో పడుతుంది. మొగ్గ మేలుకోవడానికి అంజీరకు చలి గంటలు, అంటే చెట్టు చలిలో గడపాల్సిన సమయం, చాలా తక్కువ సరిపోతాయి. రకాన్ని బట్టి 100 నుంచి 300 గంటలే. చాలా ఆపిల్ రకాలకు 800 గంటలు, అంతకు మించి కావాలి. అందువల్ల జనవరికల్లా అంజీర నిద్ర తీరిపోయి, కాస్త వెచ్చబడితే లేవడానికి సిద్ధంగా ఉంటుంది. ఫిబ్రవరి చివర్లో వారం పాటు 15 డిగ్రీల ఎండ కాస్తే మొగ్గలు ఉబ్బి కొమ్మలోకి నీరు ఎక్కుతుంది. మార్చిలో మళ్లీ మంచు పడితే జనవరిలో ఓర్చుకున్న చలికి సగం కూడా ఓర్చుకోలేదు. దాని స్వభావం వెచ్చని మధ్యధరా తీరానికి సరిపోయేది. అక్కడ ఫిబ్రవరి తర్వాత చలి వెనక్కి తిరిగి రావడం అరుదు.

పటం చూసి మోసపోయేది కూడా ఇలాగే. మండలం అంకె 30 ఏళ్ల పాటు ఏటా నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రతల సగటు. 7వ మండలం అంటే ఆ సగటు దాదాపు మైనస్ 18కీ మైనస్ 12కీ మధ్య ఉందని అర్థం. సగటు కాబట్టి కొన్నేళ్లు అంతకంటే కిందికి పోవడం మామూలే. 2022 డిసెంబరు చివరి వారంలో ఉత్తర ధ్రువపు గాలి గంటల వ్యవధిలో దక్షిణాది దాకా దిగింది. అప్పటిదాకా వెచ్చగా ఉండి, చలికి అలవాటు పడని చెట్లు అలాంటి ఒక్క రాత్రికే దెబ్బతింటాయి. పటం వెచ్చబడినంత మాత్రాన అలాంటి రాత్రులు రాకుండా పోవు.

పైన పోయినా కింద ఉంటే చాలు

నేల పైన గాలి మైనస్ 20 ఉన్నప్పుడు కూడా, ఆకులో గడ్డో మందంగా కప్పిన మట్టిలో అడుగు లోతున ఉష్ణోగ్రత సున్నాకు అటూ ఇటూగానే ఉంటుంది. అందుకే కొమ్మలన్నీ నల్లబడిన చెట్టు మొదట్లోంచి మే నెలలో పిలకలు లేస్తాయి. కొమ్మతో పెంచడం వల్ల వచ్చే లాభం ఇక్కడ తెలుస్తుంది.

అంటు కట్టిన చెట్టులో కింద వేరు ఒక రకానిది, పైన కొమ్మ ఇంకో రకానిది. చలికి పైభాగం పోతే కింద నుంచి మొలిచేది వేరు మొక్క రకమే. కొమ్మ నాటి పెంచిన అంజీరకు వేరు నుంచి చిగురు దాకా ఒకటే రకం. పదిసార్లు నేలమట్టమైనా పదకొండోసారి మొలిచేది అదే చెట్టు. వెచ్చని ప్రాంతాల్లో వేళ్లను పట్టే నులిపురుగుల బెడద లాంటి కారణాలతో అంటు కట్టడం వైపు మొగ్గుతారు. చలి దేశంలో ఆ లెక్క తిరగబడుతుంది. కొమ్మతో పెంచడం ఇక్కడ ఖర్చు తగ్గించుకునే మార్గం మాత్రమే కాదు, చెట్టుకు బీమా కూడా.

ఈ బీమా పనిచేయాలంటే నాటేటప్పుడే ఒక జాగ్రత్త అవసరం. కుండీలో ఉన్న లోతు కంటే ఒక జానెడు ఎక్కువ లోతుగా నాటాలి. కాండంలో రెండు మూడు కణుపులు మట్టిలో ఉంటే, పైభాగమంతా పోయినా ఆ కణుపుల దగ్గరి మొగ్గలు సజీవంగా ఉంటాయి. ఇంకో జాగ్రత్త, వేరు పట్టిన మొదటి ఏడాదే నేలలో నాటకపోవడం. మొదటి ఒకటి రెండు చలికాలాలు కుండీలోనే లోపల గడిపించి, కాండం చెక్కబారాక, వసంతంలో మంచు భయం పోయాక నాటిన మొక్కకు వేసవి అంతా వేరు దిగే సమయం దొరుకుతుంది.

లండన్‌లో ఒకలా, న్యూయార్క్‌లో ఒకలా

చెట్టు బతికితే కాయ వస్తుందనుకుంటే పొరపాటు. ఒక అంజీర చెట్టు ఏడాదిలో రెండు కాపులు కాయగలదు. మొదటిది నిరుడు పెరిగిన పాత కొమ్మ మీద వస్తుంది, దాన్ని బ్రెబా అంటారు. రెండోది ఈ ఏడాది చిగురించిన కొత్త కొమ్మ మీద, ఆకు మొదట్లో వస్తుంది. అసలు కాపు అదే. ఏ ఊళ్లో ఏ కాపు చేతికొస్తుందన్నది అక్కడి చలికాలం ఎంత గట్టిదో, ఎండాకాలం ఎంత వేడిదో అన్న రెండింటి మీద ఆధారపడుతుంది.

అమెరికా మండలాల కొలతే లండన్‌కు పెడితే 9వ మండలం వస్తుంది. అది టెక్సాస్‌లోని హ్యూస్టన్ పక్కన పడే అంకె. న్యూయార్క్ నగరం 7వ మండలం. చలికాలం ఒక్కటే చూస్తే లండన్ అంజీరకు స్వర్గం. కానీ జూలైలో లండన్ సగటు పగటి ఉష్ణోగ్రత 23, 24 డిగ్రీల దగ్గర ఆగుతుంది, న్యూయార్క్‌లో 29 దాటుతుంది. న్యూయార్క్ ఉన్నది ఇటలీలోని నేపుల్స్ అక్షాంశం మీదే. దాని వేసవి అంజీరకు సరిపోతుంది, చలికాలమే సరిపోదు.

ఫలితం ఏమిటంటే, లండన్‌లో కొమ్మలు చలికి పోవు కాబట్టి బ్రెబా నిలుస్తుంది. శరదృతువులో కొమ్మ చివర బఠాణీ గింజంత ఉన్న పిందెలు చలికాలం దాటి మరుసటి వేసవి చివర్లో పండుతాయి. కొత్త కొమ్మ కాపుకు మాత్రం వేడి చాలదు. అందుకే బ్రిటన్ తోటపని సంస్థ రాయల్ హార్టికల్చరల్ సొసైటీ ఒక విడ్డూరమైన సలహా ఇస్తుంది: శరత్కాలంలో పెద్ద కాయలు తీసేయండి, బుల్లి పిందెలు ఉంచండి. పెద్దవి ఎలాగూ పండవు, చెట్టు శక్తి తినేస్తాయి. దక్షిణానికి తిరిగిన ఇటుక గోడను ఆనించి, వేళ్లను పలకలతో కట్టిన గుంతలో బిగించి పెంచడం అక్కడి ఆనవాయితీ. గోడ పగటి వేడిని రాత్రికి తిరిగి ఇస్తుంది, వేరు బిగిస్తే చెట్టు ఆకు తగ్గించి కాయ వైపు మొగ్గుతుంది. ఆక్స్‌ఫర్డ్‌లోని క్రైస్ట్ చర్చ్‌లో ఉన్న అంజీరను 1648లో సిరియా నుంచి తెచ్చి నాటారని చెబుతారు. అంతకాలం అక్కడ చెట్టు నిలవడం ఆశ్చర్యం కాదు, ఆ చలికాలం అంత మెత్తన.

న్యూజెర్సీలో దీనికి పూర్తిగా విరుద్ధం. చలికి పాత కొమ్మ పోతే బ్రెబా పోయినట్టే. ఆశంతా కొత్త కొమ్మ కాపు మీదే. అది వచ్చేది ఎప్పుడన్నదే ప్రశ్న. పాత కొమ్మ బతికిన చెట్టు ఏప్రిల్ చివర్లో చిగురించి జూన్ నాటికి పిందె వేస్తుంది. నేల నుంచి మొలిచిన చెట్టు మే మధ్యలో మొదలై, కాండం కట్టుకుని, పిందె వేసేసరికి జూలై దాటుతుంది. పిందె పండు కావడానికి రకాన్ని, ఎండను బట్టి 75 నుంచి 120 రోజులు పడుతుంది. అక్టోబరులో మంచు పడుతుంది. మిగిలిన లెక్క ఎవరైనా వేసుకోవచ్చు.

పిందె పండు అయ్యేలోపు కాయ ప్రవర్తన కూడా టెన్షన్ పెట్టేదే. పిందె మొదట వేగంగా పెరిగి, తర్వాత నాలుగైదు వారాలు ఉన్నది ఉన్నట్టే ఉండిపోతుంది. ఆ దశలో లోపల గింజలు తయారవుతుంటాయి, బయటికి ఏ మార్పూ కనిపించదు. ఆ తర్వాత వారం పది రోజుల్లోనే రెట్టింపు పెరిగి, మెడ వంచి, మెత్తబడి తీపెక్కుతుంది. చలి దేశపు చెట్ల కాయలు చాలావరకు ఈ చివరి వారం పది రోజుల ముందే మంచుకు చిక్కుతాయి. మామిడిలా పచ్చిగా కోసి మాగబెడదామంటే అంజీర చెట్టు నుంచి విడిపోయాక తీపెక్కదు. పెంచేవాళ్లు కొత్త కొమ్మకు ఐదారు ఆకులు రాగానే కొస గిల్లేస్తారు, దాంతో చెట్టు పొడవు పెరగడం ఆపి పిందెల మీద పడుతుంది. నిలకడ దశ ముగిసే సమయానికి కాయ కన్ను మీద ఆలివ్ నూనె చుక్క అద్దడం మధ్యధరా ప్రాంతపు పాత చిట్కా. కాయలో పండించే వాయువైన ఎథిలీన్ పుట్టి పండడం ముందుకు జరుగుతుంది. కాస్త ముందుగా అద్దితే కాయ చెడిపోతుంది కాబట్టి ఇది అనుభవం ఉన్నవాళ్ల పని.

అమెరికా పశ్చిమ తీరంలోని సియాటిల్ ఈ రెండింటికీ మధ్యస్థం కాదు, లండన్ వైపే. చలికాలం మెత్తన, వేసవి చల్లన. అందుకే అక్కడ డెజర్ట్ కింగ్ అనే రకానికి పేరు. దాని కొత్త కొమ్మ కాపుకు పరాగసంపర్కం కావాలి, బ్రెబాకు అక్కర్లేదు. అదే కొమ్మను న్యూజెర్సీకి తెచ్చి నేలలో నాటితే, ఏ చలికాలమైనా కొమ్మలు పోయాయంటే ఆ ఏడు చెట్టు గొడ్డుపోయినట్టే. "చలికి తట్టుకుంటుంది" అన్న ముద్ర ఒక్కదాన్నీ నమ్మకూడదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

కప్పడం, పూడ్చడం, గ్యారేజీ

పాత కొమ్మను బతికించుకుంటే ఆ ఆలస్యం తప్పి కొన్ని వారాలు కలిసొస్తాయి. 20వ శతాబ్దంలో న్యూయార్క్, ఫిలడెల్ఫియాలకు వలస వచ్చిన ఇటలీ కుటుంబాలకు ఇది బాగా తెలుసు. కొమ్మలన్నీ దగ్గరికి లాగి తాడుతో కట్టి, గోనెలు, పాత తివాచీలు, తారు కాగితం చుట్టి, లోపలికి వాన దిగకుండా పైన బకెట్ బోర్లించేవారు. చలి ఇంకా గట్టిగా ఉన్న చోట ఒక వైపు వేళ్లు తెంచి, చెట్టును కందకంలోకి వంచి, పలకలు పరిచి మట్టి కప్పేవారు. వసంతంలో తవ్వి నిలబెట్టేవారు. మోటుగా కనిపించినా దీని వెనక తర్కం గట్టిది. చుట్టిన గుడ్డ వేడిని పుట్టించదు, పొడి గాలిని ఆపి, నేల నుంచి వచ్చే కొద్దిపాటి వేడిని బయటికి పోనివ్వదు. అందుకే నేలకు దగ్గరగా ఉన్న కొమ్మ బతికి, పైనున్నది పోతుంది.

ఆ సూత్రాన్నే ఇంకాస్త ముందుకు తీసుకెళ్లేది జపాన్ తోటల పద్ధతి. అక్కడ చెట్టును మోకాలెత్తులో రెండు అడ్డ చేతులుగా నేలకు సమాంతరంగా పెంచుతారు, నిలువు కొమ్మలను ఏటా కత్తిరిస్తారు. కోతకు అనువుగా ఉండాలని పుట్టిన పద్ధతి ఇది. చలి దేశాల పెంపకందార్లు దాన్ని చలికాలం కోసం వాడుకుంటున్నారు. ఎనిమిదడుగుల చెట్టును చుట్టడం కంటే అడుగున్నర ఎత్తు చేతులను ఎండుటాకులతో కప్పడం ఎంతో తేలిక.

కుండీ ఇంకో దారి. చికాగో, ఎడిసన్ లాంటి చోట్ల తెలుగువారికి కరివేపాకు కుండీని అక్టోబరులో లోపలికి, మే నెలలో బయటికి మార్చడం ఏటా ఉండే పనే. అంజీరనూ అలాగే హాల్లో కిటికీ పక్కన పెడితే మాత్రం దెబ్బతింటుంది. కరివేపాకు ఉష్ణమండలపు మొక్క, చలికాలమంతా దానికి వెలుతురు, వెచ్చదనం కావాలి. అంజీర ఆకు రాల్చి పడుకునే చెట్టు, దానికి కావాల్సింది చీకటి, చల్లదనం. సున్నా నుంచి 7 డిగ్రీల మధ్య ఉండే గ్యారేజీలో, వెలుతురు లేకపోయినా, నెలకోసారి రెండు గ్లాసుల నీళ్లతో హాయిగా నిద్రపోతుంది. హాల్లో పెడితే జనవరిలో పాలిపోయిన చిగుళ్లు వేసి, నిల్వ అంతా ఖర్చుచేసుకుంటుంది. గ్యారేజీ మార్చిలో వెచ్చబడి చెట్టు ముందే లేస్తే, మంచు లేని పగళ్లు బయట, రాత్రుళ్లు లోపల పెట్టే మోత పని తప్పదు. అది చేయగలిగినవారికి మిగతా అందరికంటే ముందు పండు దొరుకుతుంది.

పేర్ల గందరగోళం, కొమ్మతో వచ్చే వైరస్

చలి ప్రాంతాలకు ఎక్కువగా వినిపించే పేరు చికాగో హార్డీ. బెన్సన్‌హర్స్ట్ పర్పుల్ అన్నదీ ఇదేనని పెంపకందార్ల మాట. దీని గొప్ప చలికి కొమ్మ చావకపోవడం కాదు, నేల నుంచి మొలిచిన కొత్త కొమ్మ మీదే కాపు ఇచ్చే గుణం. రోండ్ ద బోర్డో, బల్గేరియాకు చెందిన ఫ్లోరియా త్వరగా పండేవాటిలో లెక్క. ఇంగ్లండ్‌లో బ్రౌన్ టర్కీకి పేరు. అయితే అమెరికాలో అదే పేరుతో అమ్మే చెట్లలో ఒకదానికొకటి సంబంధం లేనివి ఉన్నాయి. వలస వచ్చిన ప్రతి కుటుంబం తన చెట్టుకు తన ఊరి పేరో, తాత పేరో పెట్టుకుంది. ఒకే రకానికి పది పేర్లు, పది రకాలకు ఒకే పేరు ఉండటం ఈ రంగంలో మామూలు. అరుదైన రకమంటూ ఆన్‌లైన్ వేలంలో పెద్ద ధర పలికే కొమ్మ నిజంగా ఆ రకమో కాదో కాయ కాసేదాకా తేలదు.

కొమ్మ తల్లి గుణాలతో పాటు తల్లి రోగాన్నీ తెస్తుంది. అంజీర మొజాయిక్ తెగులు కంటికి కనిపించని నల్లి ద్వారా, కొమ్మల ద్వారా పాకుతుంది. ఆకుల మీద పసుపు మచ్చలు, వంకర ఆకులు దాని గుర్తులు. పాత రకాల్లో ఇది లేని చెట్టు దొరకడం కష్టం. బలంగా పెరిగే చెట్టు దాన్ని లోపల అణిచి బతికేస్తుంది, చలికి ఏటా నేలమట్టమయ్యే చెట్టుకు ఆ భారం ఎక్కువవుతుంది. కొమ్మ కొనేముందు వేసవిలో తల్లి చెట్టు ఆకుల ఫొటో అడగడం అతి జాగ్రత్తేమీ కాదు.

ఇంటి నుంచి తెచ్చుకుంటే?

పుణె దగ్గర పురందర్ ప్రాంతపు అంజీరకు 2016లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరెళ్లినప్పుడు అక్కడి నుంచో, తెలిసినవారి తోట నుంచో నాలుగు కొమ్మలు సూట్‌కేసులో వేసుకురావడం సులువైన పనిగా తోచవచ్చు. అమెరికా వ్యవసాయ శాఖ అనుమతి, పంపే దేశం ఇచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా నాటే కొమ్మలను తేవడం నిషిద్ధం. కరివేపాకు మీద ఉన్న ఆంక్షల వెనక నిమ్మజాతి తోటలను తుడిచిపెట్టే గ్రీనింగ్ తెగులు, దాన్ని మోసే పురుగు ఉన్నట్టే, అంజీర కొమ్మ మీదా నల్లులు, నులిపురుగులు, వైరస్‌లు ఉండే వీలుంది. భారత్‌కు తెచ్చేవాటికీ 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు కింద ఇలాంటి నిబంధనలే వర్తిస్తాయి.

చట్టం పక్కన పెట్టినా లాభం తక్కువే. పుణె రకం మంచు పడని చోట ఏడాదికి రెండు విడతల కాపు కోసం పెరిగింది, చలికి ఓర్చుకునే గుణం కోసం ఎవరూ దాన్ని ఎంచలేదు. ఇక్కడ ఉంటున్న వీధిలోనే పదిహేను చలికాలాలు దాటిన పేరు తెలియని చెట్టు ఉంటే, దాని కొమ్మకు ఏ వేలంలోనూ దొరకని ధ్రువీకరణ ఉన్నట్టు. ఆ ఇంటివారిని అడగాల్సినవి రెండే: దీన్ని చుట్టకుండా వదిలేస్తారా, పండు ఏ నెలలో కోస్తారు. మొదటిదానికి జవాబు అవును, రెండోదానికి సెప్టెంబరులోపు అని వస్తే ఆ కొమ్మ అడిగి తీసుకోదగ్గది.

అడిగేది మాత్రం ఆకు రాలిన నవంబరులో అడగాలి. చాలామంది మార్చిలో, చెట్టు యజమాని కత్తిరింపులు చేసేటప్పుడు వెళ్తారు. అప్పటికి ఆ కొమ్మల్లో కొన్ని చలికి చచ్చిపోయి ఉంటాయి, చూడటానికి మాత్రం బతికున్నట్టే ఉంటాయి. గోటితో బెరడు కాస్త గీకితే తెలిసిపోతుంది. కింద పచ్చగా, తడిగా ఉండి పాలు ఊరితే అది పనికొస్తుంది. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఎంత లావు కొమ్మయినా వేరు పట్టదు.